ఎడారి గులాబి కాదు, ఎడారి గన్నేరు



ఈ మధ్య ఏ ఊళ్ళో ఏ మేడ ఎక్కినా, ఏ వసారాలోకి తొంగిచూసినా ఒక పొట్టి మొక్క పలకరిస్తున్నది. మొదలు కడవలాగా ఉబ్బి ఉంటుంది. కొమ్మలు మొద్దుగా ఉంటాయి. వాటి కొసలలో మాత్రం గుప్పెడు ఆకులు, ఆ ఆకుల నడుమ ఎర్రగానో గులాబిరంగులోనో పూలగుత్తి. శాస్త్రజ్ఞులు దీనిని అడీనియం అంటారు. అమ్మేవారూ కొనేవారూ తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు "ఎడారి గులాబి" అంటున్నారు. ఇంగ్లీషువారు డెజర్ట్ రోజ్ అన్నారు గనుక మనమూ మాటకు మాట దింపుకొన్నాము. ఆ పేరు మీదనే నా అభ్యంతరం. ఈ మొక్కకు గులాబితో దగ్గరి చుట్టరికం లేదు, చెప్పుకోదగిన దూరపు చుట్టరికమూ లేదు. ఇది గన్నేరు ఇంటి బిడ్డ. దీనిని ఎడారి గన్నేరు అని పిలుద్దామని నా ప్రతిపాదన.

ఏళ్ళ తరబడి బడిపిల్లలకు సమాసాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడికి ఇంతకంటే ఏం పని ఉంటుందని నవ్వేవారు నవ్వవచ్చు. కాని ఈ పేరును నమ్మి గులాబికి చేసే ఉపచారాలన్నీ దీనికి చేయడం వల్ల మొక్కలు కుళ్ళి చస్తున్నాయి. అంతకంటే ముఖ్యంగా, పేరులోని తీపి వెనుక ఒక విషం దాగి ఉన్నది. ఆ రెండింటి గురించీ చెప్పే ముందు చుట్టరికం రుజువు చేయడం నా బాధ్యత.

ముందు గులాబి ఆకును చూడండి. ఒక కాడకు ఐదో ఏడో చిన్న ఆకులు, వాటి అంచులకు రంపపు పళ్ళు, కొమ్మనిండా ముళ్ళు. అడీనియానికి ముల్లు లేదు. ఆకు ఒంటరి ఆకు, అంచు నున్నన. పూవును చూడండి. ఐదు రేకులు అడుగున కలిసిపోయి గరాటులాగా ఉంటాయి. గులాబి దేనికది రేకు రేకుగా రాలుతుంది. ఇది రాలితే గరాటుతో సహా ఊడిపడుతుంది, అచ్చం గన్నేరు పూవు రాలినట్లే. ఇక మొగ్గ. విచ్చుకోబోయే మొగ్గ మడిచిన గొడుగులాగా మెలితిరిగి ఉంటుంది. గన్నేరు మొగ్గకూ, నందివర్ధనం మొగ్గకూ, బిళ్ళగన్నేరు మొగ్గకూ ఇదే మెలిక. ఆ కుటుంబానికి అది ఇంటిపేరు వంటిది. కాయలు జంటగా, కోడెదూడ కొమ్ములలాగా వస్తాయి. జిల్లేడు గింజకు ఒక కొసనే పట్టుకుచ్చు ఉంటుంది. దీని గింజకు రెండు కొసలా ఉంటుంది.

చరిత్ర కూడా ఈ పక్షమే వహిస్తున్నది. 1761లో డెన్మార్కు రాజు అరేబియాకు ఒక పరిశోధక బృందాన్ని పంపాడు. అందులో లినేయస్ శిష్యుడైన పీటర్ ఫోర్స్కాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. మొక్కలు సేకరిస్తూ సేకరిస్తూ 1763లో యెమెన్‌లోనే మలేరియాతో కన్నుమూశాడు. ఆ బృందంలో ప్రాణాలతో తిరిగివచ్చిన ఒకే ఒక్క మనిషి నీబుర్. ఆయన తన మిత్రుని రాతలను 1775లో అచ్చువేయించాడు. అందులో మన మొక్కకు ఉన్న పేరు నీరియం ఒబేసం. నీరియం అంటే గన్నేరు, ఒబేసం అంటే బలిసినది. శాస్త్రలోకానికి దీనిని మొదట పరిచయం చేసినవాడు పెట్టిన పేరును తెలుగులో చెబితే "బొద్దు గన్నేరు" అవుతుంది. తరువాత 1819లో రోమర్, షుల్టెస్ అనే ఇద్దరు పండితులు దీనికి వేరే ప్రజాతి కల్పించి, ఏడెన్ పేరు మీదుగా అడీనియం అన్నారు. వేరు కాపురం పెట్టించారు గాని చుట్టరికం తెంచలేదు. నేటికీ గన్నేరూ ఇదీ ఒకే కుటుంబం.

పుస్తకాల మాట అటుంచి అంటుకట్టే తోటమాలిని అడగండి. అడీనియం కొమ్మను గన్నేరు మొదలు మీద అంటుకడితే అతుక్కొంటుంది. గులాబి మొదలు మీద ఎన్నటికీ అతకదు. ఇంకొక సాక్షి ఉన్నాడు. గన్నేరాకు తినే ఒక లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగు, తల దగ్గర కళ్ళవంటి రెండు నీలిమచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము గలది, మీలో చాలామంది చూసే ఉంటారు. అది గన్నేరును తింటుంది, నందివర్ధనాన్ని తింటుంది, బిళ్ళగన్నేరును తింటుంది, కుండీలోని అడీనియాన్నీ తింటుంది. పక్కనే గులాబి ఉన్నా ముట్టదు. దానికి ఏ పండితుడు వృక్షశాస్త్రం చెప్పాడు?

ఇక్కడ మన పెద్దల మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. పచ్చగన్నేరు మెక్సికో వైపునుంచి వచ్చింది. దేవగన్నేరు కూడా అమెరికా ఖండపు మొక్కే. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపానిది. ఈ మూడూ మూడు రూపాలు. ఒకటి సన్నాకుల పొద, ఒకటి మోటుకొమ్మల చెట్టు, ఒకటి మోకాలెత్తు మొక్క. వీటిని మన నేలమీద మొదటిసారి చూసిన తెలుగువాడికి సూక్ష్మదర్శిని లేదు, లాటిను రాదు. మెలితిరిగిన మొగ్గను చూశాడో, తుంచితే కారిన పాలను చూశాడో, మూడింటినీ గన్నేరు ఇంట్లోనే చేర్చాడు. నేటి శాస్త్రం ఆ మూడింటినీ గన్నేరు కుటుంబంలోనే ఉంచింది. అమెరికా నుంచి వచ్చిన టొమాటోను రామములగ అన్నవాడూ, సర్కారు తుమ్మను తుమ్మలలో చేర్చినవాడూ ఇటువంటి చూపు గలవారే. వారు పరాయి మొక్కకు పేరు పెట్టేటప్పుడు పరాయి పేరును అనువదించలేదు. మొక్కను చూశారు, తమకు తెలిసిన మొక్కలలో దాని చుట్టాన్ని వెతికారు, ఆ చుట్టం పేరుకు ఒక విశేషణం తగిలించారు. మనం నేడు మొక్క వైపు చూడడం మాని, దానికి కట్టిన ఇంగ్లీషు చీటీ వైపు చూస్తున్నాము. నా బాధ అదీ.

ఇక పెంపకానికి వద్దాము. పేరు చేసే మేలూ కీడూ తెలిసేది అక్కడే.

గులాబి అనగానే తెలుగు గృహిణికి ఏం గుర్తు వస్తుంది? చక్కగా పాదు చేయడం, మాగిన పశువుల ఎరువు వేయడం, రోజూ చెంబెడు నీళ్ళు పోయడం, ఎండలు ముదిరితే రెండు పూటలా తడపడం. ఈ సేవంతా గులాబికి హితం. అడీనియానికి ఇదే సేవ నెల రోజులు చేయండి, అదీ వానాకాలంలో చేయండి. మొదలు మెత్తబడి, నల్లబడి, ఒకనాడు కొమ్మలతో సహా పక్కకు ఒరిగిపోతుంది. "ఎంతో ప్రేమగా చూసుకొన్నామండీ" అని వాపోతారు. ఆ ప్రేమ గులాబికి చెందినది, పొరపాటున ఈ చిరునామాకు చేరింది.

గన్నేరు అని ఉంటే? గన్నేరుకు ఎవరూ రోజూ ఉపచారాలు చేయరు. రహదారుల నడుమ దుమ్ములో, పొగలో, ఎండలో అది పూస్తూనే ఉంటుంది. గన్నేరు పేరు వినగానే చేయి కొంచెం వెనక్కి తగ్గుతుంది. ఈ మొక్కకు కావలసింది సరిగ్గా ఆ తగ్గడమే. అయితే గన్నేరు కాలువగట్టున కూడా బ్రతుకుతుంది, ఇది బ్రతకదు. ఆ తేడా చెప్పడానికే "ఎడారి" అనే విశేషణం ఉండాలి. చుట్టరికాన్ని ఒక పదం, స్వభావాన్ని ఒక పదం చెబుతాయి.

ఆ "ఎడారి"ని కూడా మరీ అక్షరాలా తీసుకోరాదు. దీని పుట్టినిల్లు సహారాకు దక్షిణంగా సెనెగల్ నుంచి సోమాలియా దాకా పరచుకొన్న మెట్టనేలలు, అటుపైన అరేబియా. అక్కడ వాన తక్కువే గాని బొత్తిగా లేకపోలేదు. పడినప్పుడు తాగి, పడనప్పుడు దాచుకొన్నది తిని బ్రతకడం దీని విద్య. చెట్టుకు పాదపమని పేరు. పాదాలతో తాగేది అని వ్యుత్పత్తి. ఈ మొక్క పాదాలతో తాగడమే గాక పాదంలోనే దాచుకొంటుంది కూడా. ఆ ఉబ్బిన బోదె దాని నీళ్ళతొట్టి. యెమెన్‌కు చెందిన సొకోత్రా ద్వీపంలో ఈ జాతి చెట్లు రాళ్ళసందుల్లో పెద్ద పెద్ద కాగులలాగా పెరుగుతాయి. 2008లో ఆ ద్వీపం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

కాబట్టి నీళ్ళు ఎప్పుడు పోయాలన్న ప్రశ్నకు గడియారం కంటే వేలు మంచి సమాధానం చెబుతుంది. బోదెను వేలితో నొక్కి చూడండి. రాయిలాగా గట్టిగా ఉంటే తొట్టి నిండుగా ఉన్నట్లు, పోయనక్కరలేదు. కొద్దిగా లొంగి, పైచర్మం ముడత పడి, కుండీలోని మట్టి పొడిగా ఉంటే దాహం వేసినట్లు. అడుగునుంచి కారేదాకా పోయండి, రెండు మూడు రోజుల్లో బిగుస్తుంది. మట్టి తడిగా ఉండి కూడా బోదె మెత్తగా ఉన్నదా, అది దాహం కాదు, కుళ్ళు. అప్పుడు నీళ్ళు పోయడం మునుగుతున్నవాడికి మంచినీళ్ళు ఇచ్చినట్లు.

మట్టి సంగతి. గులాబికి పనికివచ్చే ఒండ్రుమట్టి దీనికి ఉరితాడు. ఒక వంతు ఎర్రమట్టి, రెండు వంతులు గరుకు ఏటి ఇసుక లేదా జల్లించిన చిన్న ఇటుకముక్కలు, ఒక వంతు బాగా మాగిన ఆకుఎరువు, గుప్పెడు బొగ్గుముక్కలు చాలు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. పోసిన నీరు కుండీ పైన నిలవకుండా చూస్తుండగానే అడుగున దిగిపోవాలి. నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ తరచుగా కొబ్బరిపొట్టు ఉంటుంది. అది వారికి రవాణాలో తేలిక, మన ఇంట్లో వానాకాలంలో తడిగుడ్డ. తెచ్చిన కొద్దిరోజులకు దానిని విప్పి మట్టి మార్చడం మేలు. కుండీ లోతుకంటే వెడల్పు ముఖ్యం. మట్టికుండీ అయితే తడి పక్కలనుంచి కూడా ఆరుతుంది.

ఎండ మాత్రం గులాబికి ఎంత కావాలో దీనికీ అంత కావాలి. రోజుకు ఆరుగంటలైనా నేరుగా పడకపోతే కొమ్మలు సన్నగా సాగిపోతాయి, పూలు రావు. గదిలో బల్లమీద అలంకారానికి పెట్టేవారు పది రోజులు పెట్టి మళ్ళీ ఎండకు పంపాలి.

ఋతువుల లెక్క చెబుతాను. చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా ఇది ఎదిగే కాలం. ఎడారి మొక్క కదా అని వేసవిలో నీళ్ళు మాడ్చేవారు కొందరున్నారు, అదీ సరికాదు. మట్టి ఆరగానే పోస్తూ ఉండండి, తాగుతుంది, పూస్తుంది. రెండు నెలలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు, కాస్త ఎముకల పొడి చాలు. నత్రజని ఎక్కువైతే ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి. వానలు మొదలైతే కుండీ చూరు కిందికి రావాలి. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన కురుస్తుంది. గోదావరి డెల్టాలో దానికి దాదాపు రెట్టింపు. అందుచేత సీమలో ఆరుబయట నిశ్చింతగా ఉండే మొక్కకు కోనసీమలో పైకప్పు కావాలి. ఒకే సలహా అందరికీ పనికిరాదు.

మార్గశిర పుష్యమాసాలలో, ముఖ్యంగా తెలంగాణ ఉత్తరపు జిల్లాల చలిలో, ఆకులు పసుపెక్కి రాలుతాయి. మొక్క నిద్రపోతున్నదన్నమాట. గులాబి అనుకొన్నవారు ఇక్కడే కంగారుపడి మరిన్ని నీళ్ళు పోస్తారు. చలిలో వేళ్ళు తాగవు, తడి ఆరదు, మొదలు కుళ్ళుతుంది. ఆ రెండు నెలలూ పదిహేను ఇరవై రోజులకొకసారి కొద్దిగా తడిపితే చాలు. మాఘం చివర చలి విరగగానే కొమ్మలు కత్తిరించండి. పూలు కొమ్మల కొసలకే పూస్తాయి గనుక, కత్తిరించిన ఒక్కొక్క కొమ్మ రెండు మూడు చిగుళ్ళు వేస్తే పూలూ అన్ని రెట్లవుతాయి. కుండీ మార్చడానికీ అదే అదను. వేళ్ళు కడిగి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, మునుపటికంటే అంగుళం పైకెత్తి నాటండి. వేళ్ళ పైభాగం బయటపడి క్రమంగా బోదెలో కలిసిపోతుంది. నాటిన వారం దాకా నీళ్ళు వద్దు.

కుళ్ళు కనబడితే దాక్షిణ్యం పనికిరాదు. శుభ్రమైన కత్తితో తెల్లని గట్టి కండ కనబడేదాకా కోసి, శిలీంధ్రనాశిని పొడి అద్ది, వారం పదిరోజులు ఆరనిచ్చి పొడి ఇసుకలో నిలబెట్టాలి. సగం మొక్క పోయినా మిగిలిన సగం బ్రతికే అవకాశం ఉంటుంది. పిండినల్లి పడితే తడిగుడ్డతో తుడిచి వేపనూనె చల్లండి.

కొత్త మొక్క కావాలంటే గింజ మంచిది. కొమ్మ నాటినా బ్రతుకుతుంది గాని ఆ అందమైన బోదె అంత చక్కగా రాదు. కాయ పగలకముందే దారం చుట్టి ఉంచండి, లేకపోతే గింజలు గాలికి ఎగిరి ఎదురింటి మేడ చేరుతాయి. తాజా గింజ వారంలోగా మొలుస్తుంది.

ఇప్పుడు విషం మాట. తూర్పు ఆఫ్రికాలో టాంజానియాలోని హడ్జా వేటగాళ్ళు ఈ మొక్క రసాన్ని కాచి బాణాల ములుకులకు పూస్తారు. గుండె కొట్టుకొనే తీరును చెడగొట్టే పదార్థాలు ఇందులో ఉన్నాయి. గన్నేరులోని విషమూ ఆ వర్గానిదే. మన నిఘంటుకారులు ఈ విషయాన్ని పేరులోనే పెట్టారు. కరవీరానికి అమరకోశంలో హయమారకమని ఒక పర్యాయం ఉన్నది. గుర్రాన్ని చంపేది అని అర్థం. గన్నేరుపప్పు అంటే తెలుగు పల్లెలో విషానికి మారుపేరు. గన్నేరు అన్న మాట వినగానే తల్లి చంటిబిడ్డ చేతిని వెనక్కి లాగుతుంది. గులాబి అన్న మాటకు ఆ జాగ్రత్త రాదు. గులాబి రేకులతో గుల్కందు చేసుకొంటాము, పానీయాలలో వేసుకొంటాము. పూవుకు గులాబి అని పేరుండి, మూడేళ్ళ పిల్ల చేతికి అందే ఎత్తులో ఉంటే, ఆ పిల్ల నోట పెట్టుకోదని ఎవరు పూచీ?

కనుక పిల్లలున్న ఇంట్లో కుండీ ఎత్తున ఉండాలి. కత్తిరించిన కొమ్మలు మేకలు తిరిగేచోట పారవేయకూడదు. రసం తగిలితే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కంట పడనీయరాదు. ఎవరైనా తింటే ఇంటివైద్యం కోసం వెదకక నేరుగా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంతమాత్రాన మొక్కను పారవేయమని నేననడం లేదు. గన్నేరును మనం పెరటిలోనుంచి తరిమివేయలేదు. శివుడి తలమీద పెట్టాము, నోట పెట్టుకోలేదు. ఆ మర్యాదే దీనికీ చాలు.

నా ప్రతిపాదనకు ఆక్షేపణలు రాగలవని ఎరుగుదును. మొదటిది, ఎడారి గులాబి ఇప్పటికే వాడుకలోకి వచ్చింది కదా, యోగార్థం కంటే రూఢి బలమైనది కదా అని. నిజమే. పంకజమంటే బురదలో పుట్టినదేదైనా కావలసినా తామర ఒక్కటే అయింది. కాని రూఢి ఏర్పడడానికి తరాలు పడుతుంది. ఈ మొక్క మన ఇళ్ళలో విరివిగా కనబడుతున్నది కొద్ది దశాబ్దాలుగానే. సిమెంటు ఇంకా ఆరలేదు, దిద్దుకోవచ్చు.

రెండవది, మన పాతపేర్లలో మాత్రం తప్పులు లేవా అని. ఉన్నాయి. మెట్టతామరకు తామరతో ఏ చుట్టరికమూ లేదు. పోలికను చూసి పెట్టిన పేరది. అయితే మెట్టతామరను తామర అనుకొని ఎవరూ చెరువులో ముంచలేదు, దానివల్ల ఎవరికీ ప్రాణభయం కలుగలేదు. హాని చేయని తప్పును భాష మోస్తుంది. హాని చేసే తప్పును మోయనక్కరలేదు.

మూడవది, థాయిలాండు, తైవాను దేశాల నుంచి వచ్చి, నేడు మన కడియం నర్సరీలలో కూడా దొరికే ముద్దపూల రకాలు నిజంగానే గులాబులలాగా ఉన్నాయి కదా అని. దానికి మన భాషలో ముద్ద అన్న చక్కని మాట ఉండనే ఉన్నది. ముద్దమందారం, ముద్దగన్నేరు అంటున్నాము. రేకుల మీద రేకులున్నంత మాత్రాన మందారం గులాబి కాలేదు.

అడీనియం అనే మాట వాడతామంటే నాకు అభ్యంతరం లేదు. అది అర్థం తెలియని పేరే గాని అబద్ధం చెప్పే పేరు కాదు. తెలుగులో పేరు కావాలనుకొన్నప్పుడు మాత్రం తెలుగు పద్ధతిలో పెట్టుకొందాము. తోటపని గురించి వ్రాసేవారికీ, కుండీలకు చీటీలు అంటించేవారికీ నా మనవి ఇదే. మీ ప్రాంతంలో దీనికి మరొక తెలుగు పేరు జనం నోట పుట్టి ఉంటే దయచేసి తెలియజేయండి. అది నా పేరుకంటే మంచిదైతే నేనే ముందుగా వాడతాను. ఈలోగా మబ్బు పట్టిందా, ముందు కుండీని చూరు కిందికి జరపండి.